రేపటి మొదటి వాక్యం ఇవాళే రాసిపెట్టుకోండి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నాకు అర్థమైనంతలో మీ పరిస్థితి ఇది. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ 1977 దివిసీమ ఉప్పెన మీద నవల రాస్తున్నారు. నాగాయలంక దగ్గరి ఊళ్ళో మీ నాయనమ్మ ఆ ఉప్పెనలో చిక్కుకుని బతికారు, రెండేళ్ళ కొడుకును పోగొట్టుకున్నారు. మొదలుపెట్టి పద్నాలుగు నెలలైంది. మొదటి అధ్యాయం తొమ్మిదిసార్లు తిరగరాశారు, రెండోది సగంలో ఆగింది. రోజూ రాత్రి పదింటికి కూర్చుంటే పదకొండున్నరకు నాలుగు వాక్యాలు మిగులుతున్నాయి, మిగతా టైమంతా రీల్స్‌కి పోతోంది. ఏకాగ్రత కుదరడానికి ఏ యాప్ వాడాలి, ఉద్యోగం మానేసి ఏడాది కూర్చుంటే నవల పూర్తవుతుందా అని అడిగారు.

నేను ఇరవై ఎనిమిదేళ్ళు బ్యాంకులో పనిచేశాను. ఆ కాలంలోనే మూడు నవలలు, అరవై పైచిలుకు కథలు రాశాను. రెండు నవలలు వారపత్రికల్లో సీరియల్‌గా వచ్చాయి. అన్నీ ఇంట్లో అందరూ తిన్నాక, టేబుల్ తుడిచి, ఆ టేబుల్ మీదే రాసినవి. నేను మొదలుపెట్టిన రోజుల్లో సెల్‌ఫోన్ లేదు, ఇంట్లో టీవీ కూడా తొమ్మిదింటికల్లా కట్టేసేవాళ్ళం. అయినా మీరు పడుతున్న అవస్థ అచ్చంగా నేనూ పడ్డాను. అందుకే ఫోన్ సంగతి తర్వాత మాట్లాడుకుందాం.

మొదటి నవల రాస్తున్నప్పుడు నెలకు పది పేజీలు సాగేవి కావు. ఉద్యోగం, పిల్లలు, వంట, అందుకే కుదరడం లేదని అందరికీ చెప్పేదాన్ని, నేనూ అదే నమ్మేదాన్ని. ఒకసారి విసుగొచ్చి లెక్క పెట్టాలనుకున్నాను. అప్పట్లో అరఠావు కాగితం మీద, ఒకవైపే, మార్జిన్ వదిలి రాసేవాళ్ళం. పత్రికల వాళ్ళు అలాగే పంపమనేవాళ్ళు. ఆ మార్జిన్‌లో పెన్సిల్‌తో చుక్కలు పెట్టడం మొదలుపెట్టాను. లేచి నీళ్ళు తాగొచ్చినా, గ్యాస్ కట్టేశానో లేదో చూసొచ్చినా, పిల్లల యూనిఫాం గుర్తొచ్చి ఇస్త్రీకి వెళ్ళినా, కుర్చీలో కూర్చునే ఎటో ఆలోచనలో పడినా, తిరిగి రాగానే నేను ఆపిన వాక్యం పక్కన ఒక చుక్క. ఎవరైనా పిలిస్తే లేచినదానికి చుక్క లేదు. నా అంతట నేను లేచినవాటికే.

రెండు వారాల తర్వాత ఆ కాగితాలన్నీ నేల మీద పరిచి చూసుకున్నాను. అత్తాకోడళ్ళు వాదించుకునే సీనులో పేజీన్నర రాసినా ఒక్క చుక్క లేదు. పెళ్ళిచూపుల సీనులో రెండే. కానీ ఎక్కడైతే 'మర్నాడు' అనో 'ఆరు నెలలు గడిచాయి' అనో రాసి, తర్వాత కొత్త సీను ఎత్తుకోవాల్సి వచ్చిందో, అక్కడ చుక్కలు చీమలబారులా ఉన్నాయి. ఒకచోట ఒకే వాక్యం పక్కన పదకొండు. ఆ వాక్యం తర్వాత ఏం రావాలో ఆ రాత్రి నాకు తెలియదు. తెలియదన్న సంగతి ఒప్పుకోకుండా పదకొండుసార్లు లేచాను.

ఇంతకాలం రాశాక నేను గట్టిగా నమ్మేది ఇదే. తర్వాత ఏం రాయాలో తెలిసినప్పుడు మనసు ఎక్కడికీ పోదు. తెలియనప్పుడు పోవడానికి ఏదో ఒక చోటు వెతుక్కుంటుంది. నాకప్పుడు గ్యాస్ స్టవ్ దొరికింది, మీకిప్పుడు ఫోన్ దొరికింది. ఫోన్ మాత్రం స్టవ్ కంటే చాలా ప్రమాదం. స్టవ్ చూసొచ్చాక అక్కడ ఇంకేం ఉండదు కాబట్టి వెనక్కి వస్తాం. ఫోన్‌లో ఒకటి అయ్యాక ఇంకొకటి దానంతటదే వస్తుంది. అందుకని ఫోన్‌ను కట్టడి చేయాల్సిందే, కానీ అది రెండో పని. మొదటి పని, కుర్చీలో కూర్చునే సమయానికి ఏం రాయాలో తెలిసి ఉండటం.

దానికి నేను పాతికేళ్ళుగా చేస్తున్నది చెప్తాను. రాత్రి పని ఆపేటప్పుడు సీను పూర్తిచేసి ఆపను. తర్వాత ఏం జరగబోతోందో స్పష్టంగా తెలిసిన చోట, చెయ్యి ఇంకా ఆడుతుండగానే ఆపేస్తాను. ఆపి, కింద మర్నాటికి ఒక వాక్యం, దాని తర్వాత జరగబోయేది ఒక ముక్కలో రాసిపెడతాను. మీ నవల మీద పెట్టి చూపిస్తాను, తప్పుగా అనుకోకండి. ఉప్పెన వచ్చిన ఆ శనివారం, గాలి ముదిరింది. మీరు రాసిన ఆఖరి వాక్యం ఇలా ఉందనుకుందాం: 'వెంకాయమ్మ దొడ్డి తలుపు మూయబోయింది గానీ గాలికి గడియ పడటం లేదు.' సరిగ్గా ఇక్కడ ఆపండి. కింద ఇలా రాయండి: 'రేపు: గేదె పలుపు కోసెయ్యనా అత్తా అని అడుగుతుంది. అత్త వద్దంటుంది. ఈనే గేదె.' అంతే. రేపు రాత్రి మీరు కూర్చోగానే వెంకాయమ్మ ఆ ప్రశ్న అడుగుతుంది, అత్త వద్దంటుంది, కొడుకు కత్తి తెస్తాడు. ఇరవై నిమిషాలు మీకు ఫోన్ గుర్తుకు రాదు. ఆ మొదటి ఇరవై నిమిషాలు గడిస్తే మిగతా గంట తనే నడుస్తుంది.

ఇది నేను కనిపెట్టిందేమీ కాదు. తర్వాత ఏం జరుగుతుందో తెలిసిన చోట ఆపేసి మర్నాడు అక్కడి నుంచి ఎత్తుకుంటానని అమెరికన్ రచయిత హెమింగ్వే 1958లో ఒక ఇంటర్వ్యూలో చెప్పాడు. ఆయనది వేరే జీవితం, ఉదయమంతా రాసుకునేవాడు. మనలాంటి ఉద్యోగస్తులకు దగ్గరివాడు పందొమ్మిదో శతాబ్దపు ఇంగ్లిష్ నవలాకారుడు ఆంథొనీ ట్రోలప్. ఇంగ్లండ్ తపాలా శాఖలో ముప్పై ఏళ్ళకు పైగా పనిచేస్తూనే నవలల మీద నవలలు రాశాడు, మొత్తం 47. పొద్దున్నే అయిదున్నరకు బల్ల ముందు ఉండేవాడు. తనను లేపి కాఫీ ఇవ్వడానికి ఇంట్లో పనిచేసే ముసలాయనకు ఏడాదికి అయిదు పౌన్లు అదనంగా ఇచ్చేవాడు. గడియారం ఎదురుగా పెట్టుకుని పావుగంటకు 250 మాటలు రాసేవాడని అందరూ చెప్తుంటారు. నాకు ఆ లెక్క కంటే ఇంకో సంగతి ముఖ్యం అనిపిస్తుంది. రోజూ మొదటి అరగంట కొత్తగా ఏమీ రాసేవాడు కాదు, ముందురోజు రాసింది చదువుకునేవాడు. మీకున్నది గంటన్నర కాబట్టి అరగంట ఎక్కువ, పది నిమిషాలు చాలు. ముందురోజు పేజీ మాత్రమే చదవండి, మొదటి అధ్యాయం తెరవకండి. దాని సంగతి కింద చెప్తాను.

మీరు రాసినదాంట్లో ఇంకో వాక్యం నన్ను ఆపింది. తొమ్మిది ముప్పావుదాకా ఆఫీసు పని, పదింటికి నవల అన్నారు. అంటే ఆఫీసు మనిషి లేచి రచయిత కూర్చోవడానికి పావుగంట. సోఫీ లెరాయ్ అనే పరిశోధకురాలు 2009లో దీనిమీద ఒక పత్రం ప్రచురించింది. ఒక పని సగంలో వదిలి ఇంకో పనికి మారితే, మన ధ్యాసలో కొంత మొదటి పని దగ్గరే ఉండిపోతుందని, దానివల్ల రెండో పని దెబ్బతింటుందని చూపించింది. తర్వాత, 2018లో, దానికి ఉపాయం కూడా ఆవిడ బృందమే పరీక్షించింది. వదిలే ముందు ఒక నిమిషం ఆగి, ఎక్కడ ఆపాను, తిరిగొచ్చాక మొదట ఏం చేయాలి అని రాసుకున్నవాళ్ళకు ఆ లాగుడు తగ్గింది. నేను బ్యాంకులో ఉన్నప్పుడు ఈ పరిశోధనల గురించి తెలియదు గానీ, క్యాష్ టాలీ కాని రోజున ఇంటికొచ్చి ఒక్క ముక్క రాయలేకపోయేదాన్ని. తేడా ఎంతో, ఎవరి వోచర్ చూడాలో ఒక చీటీ రాసి డ్రాయర్లో పెట్టి వచ్చిన రోజున రాయగలిగేదాన్ని. మీరూ లాప్‌టాప్ మూసే ముందు, రేపు పొద్దున్న మొదట చూడాల్సిన పని ఏంటో రెండు లైన్లు రాసి మూయండి. తర్వాత స్నానం చేయండి, లేదా మేడ మీద నాలుగు అడుగులు వేయండి. ఆ పావుగంట ఫోన్ చూస్తూ గడిపితే మాత్రం లాభం లేదు. ఆఫీసు పోయి దాని స్థానంలో ఇంకేవో పాతిక వచ్చి కూర్చుంటాయి.

ఇప్పుడు ఫోన్. యాప్‌లతో ఫోన్‌ను కట్టడి చేయడం నాకు నమ్మకం లేదు. తాళమూ తాళంచెవీ రెండూ మీ చేతిలోనే ఉంటాయి. నేను చేసేది, ఫోన్‌ను బీరువాలో పెట్టడం. హాల్లో కాదు, పడగ్గదిలో, బీరువా లోపల, తలుపు వేసి. రింగ్ పెద్దగా పెడతాను, ఎవరికైనా ప్రాణం మీదికొస్తే ఫోన్ చేస్తారు, మెసేజ్ పెట్టి ఊరుకోరు. 2017లో టెక్సస్ విశ్వవిద్యాలయానికి చెందిన ఏడ్రియన్ వార్డ్, మరికొందరు ఒక ప్రయోగం చేశారు. ఫోన్ బోర్లా పెట్టి ఎదురుగా ఉంచుకున్నవాళ్ళ కంటే, వేరే గదిలో పెట్టి వచ్చినవాళ్ళు ఆలోచనకు సంబంధించిన పరీక్షల్లో మెరుగ్గా చేశారని తేల్చారు. తర్వాత వేరేవాళ్ళు చేసిన ప్రయోగాలన్నిటిలో అదే ఫలితం రాలేదు కాబట్టి దాన్ని వేదవాక్కుగా తీసుకోనక్కర్లేదు. నాకు తెలిసింది చిన్న సంగతే: లేచి, గది దాటి, బీరువా తలుపు తీయాలంటే అది ఒక పని అవుతుంది. ఆ నాలుగు అడుగుల్లో 'ఎందుకు లేచాను?' అన్న ప్రశ్న వస్తుంది. చెయ్యి చాచితే అందేచోట ఉంటే ఆ ప్రశ్న రాదు.

కానీ మీ ఇబ్బంది ఏంటంటే మీరు నవల ఫోన్‌లోనే టైప్ చేస్తున్నారు. ఇంగ్లీషు అక్షరాల్లో కొడితే తెలుగులో వస్తుంది, హాయిగా ఉంది అన్నారు. ఒప్పుకుంటాను. అయితే కలమూ కాలక్షేపమూ ఒకే వస్తువు అయినప్పుడు ఎంత నిగ్రహం ఉన్నా కష్టం. ఇంకో నష్టం కూడా గమనించండి. మీరు దివిసీమ మాట రాయబోతే ఆ కీబోర్డు మామూలు మాట ముందుకు తోస్తుంది. 'పోద్దేమో' అని మీ నాయనమ్మ అన్నదాన్ని 'పోతుందేమో' అని మీరు ఒప్పేసుకుంటారు, ఎందుకంటే అది ఒక్క తాకుడుతో అయిపోతుంది. నూరు పేజీలకు అలాంటివి ఎన్ని పోతాయో ఆలోచించండి. చిత్తుప్రతి కాగితం మీద రాయండి. అక్షరాలు బాగుండనక్కర్లేదు, మీకు అర్థమైతే చాలు. ఆదివారం దాన్ని కంప్యూటర్‌లో టైప్ చేసుకోండి. టైప్ చేసేటప్పుడే మొదటి దిద్దుబాటు అయిపోతుంది, అది వేరే లాభం. కాగితం అస్సలు కుదరదంటే ఒక పాత లాప్‌టాప్‌లో ఇన్‌స్క్రిప్ట్, అంటే నేరుగా తెలుగు అక్షరాలే కొట్టే కీబోర్డు, నేర్చుకోండి, రెండు వారాలు చిరాకుగా ఉంటుంది, తర్వాత ఇంటర్నెట్ లేకుండా తెలుగు రాయొచ్చు. వైఫై కట్టేసి రాయండి.

రీల్స్ గురించి మీకు అపరాధభావం ఉంది, బుక్‌మార్కుల గురించి లేదు. ఉప్పెన మీద రెండు వందల లింకులు దాచుకున్నానని గర్వంగా చెప్పారు. నా ఉద్దేశంలో రీల్స్ కంటే ఆ రెండు వందల లింకులే మీ నవలను ఎక్కువ ఆపాయి. పరిశోధన అనే పేరు ఉంది కాబట్టి ఆ టైము పోయినట్టు తెలియదు. వాయుగుండం ఎప్పుడు ఏర్పడింది, గాలి వేగమెంత, సహాయ శిబిరాలు ఎక్కడ పెట్టారు, అప్పటి ట్రాన్సిస్టర్ ఏ కంపెనీది, అవనిగడ్డ బస్సు టికెట్ ఎంత. ఇవన్నీ వెతుకుతున్నంతసేపు మీరు నవల పనిలోనే ఉన్నట్టు అనిపిస్తుంది. ఒక్క వాక్యం పుట్టదు.

కొన్ని వివరాలు నిజంగా కావాలి, కాదనను. అది 1977 నవంబర్ 19, శనివారం. మీరు తొమ్మిదిసార్లు రాసిన అధ్యాయంలో ఈ తేదీ ఉంది, వారం ఉంది, పది వేలకు పైగా ప్రాణాలు పోయాయన్న లెక్క ఉంది. మీరు నమూనాగా పెట్టిన పేజీలో లేనిదేంటో చెప్పనా? ఆ నెల కార్తీకమాసం. దీపావళి వెళ్ళి వారం దాటింది. అంటే శనివారం ఉపవాసం ఉండే ముసలావిడ ఆ సాయంత్రం ఏమీ తినలేదు, చీకటి పడ్డాక దీపం పెట్టి తిందామనుకుంది. ఆ గాలిలో దీపం నిలిచిందా? ఆవిడ తిన్నదా? చేలల్లో వరి కోతకు వస్తున్న కాలం, అంటే మగవాళ్ళ కళ్ళు ఆకాశం మీద ఉన్నా మనసు చేను మీద ఉంటుంది, ఇల్లు వదిలి పోదామంటే కదలరు. మీ నవలకు కావలసిన వివరం ఇలాంటిది. దీనికి గాలి వేగం అక్కర్లేదు, ఒక పాత పంచాంగం చాలు.

అందుకని రాసేటప్పుడు వెతకడం పూర్తిగా మానేయండి. తెలియని వివరం వచ్చిన చోట నేను కాగితం మీద ఒక ఇంటూ గుర్తు పెట్టి ముందుకు పోతాను. 'ఆయన ఇంటూ బస్సు దిగి ఇంటూ మైళ్ళు నడిచి వచ్చాడు' అని ఉంటుంది నా చిత్తుప్రతి. చూసేవాళ్ళకు పిచ్చిరాతలా ఉంటుంది. ఆదివారం మధ్యాహ్నం ఇంటూలన్నీ ఒక కాగితం మీదికి ఎత్తి, అప్పుడు వెతుకుతాను. అప్పటికి సగానికి పైగా ఇంటూలు అక్కర్లేదని తెలిసిపోతుంది, ఆ వాక్యమే కొట్టేసి ఉంటాను. ఉన్న ఆ కొన్నిటికీ సమాధానం వెతకడానికి ఒక గంట చాలు.

ఇక తొమ్మిదిసార్లు తిరగరాసిన మొదటి అధ్యాయం. గురజాడ 'కన్యాశుల్కం' 1897లో అచ్చయింది. పన్నెండేళ్ళ తర్వాత, 1909లో, దాదాపు కొత్త నాటకం అనిపించేంతగా మార్చి మళ్ళీ వేశారు. మనం ఇవాళ చదివేది ఆ రెండోది. తిరగరాతకు ఇంతకంటే పెద్ద ఉదాహరణ తెలుగులో నాకు తెలియదు. అయితే ఆయన తిరగరాసింది పూర్తయిన నాటకాన్ని. చివరి అంకందాకా ఒకసారి వెళ్ళి వచ్చాక, మొదటి అంకంలో ఏం ఉండాలో తెలిసి మార్చారు. మీ చివరి అధ్యాయం ఏంటో మీకు ఇంకా తెలియదు. అలాంటప్పుడు మొదటిది ఎన్నిసార్లు దిద్దినా ఏది నిలబడుతుందో, ఏది పోతుందో ఎలా తెలుస్తుంది? పైగా దిద్దడంలో సుఖం ఉంది. వాక్యాలు అప్పటికే ఉన్నాయి, 'ఏం రాయాలి' అన్న భయం లేదు. నా చుక్కల కాగితాలు గుర్తు తెచ్చుకోండి. తెలియని చోటికి పోకుండా ఉండటానికి దిద్దుబాటు కూడా ఒక గ్యాస్ స్టవ్వే. ఆ అధ్యాయం ప్రింట్ తీసి కవర్లో పెట్టి మీ ఆవిడకు ఇచ్చి దాచమనండి. నవల చిత్తుప్రతి అయ్యాకే తీసుకోండి.

ఫేస్‌బుక్‌లో అప్పుడప్పుడు ఒక పేరా పెడుతుంటానని, బాగా స్పందన వస్తుందని రాశారు. మానేయమని నా మనవి. నేనొక నవల ఇలాగే పోగొట్టుకున్నాను. ఆ రోజుల్లో ట్రైన్‌లో రోజూ బ్యాంకుకు వెళ్ళొచ్చేదాన్ని, తోటి ఉద్యోగినులు నలుగురు ఉండేవాళ్ళు. రాయబోయే నవల కథ వాళ్ళకు చెప్పడం మొదలుపెట్టాను. వాళ్ళు ఎంత ఆత్రంగా వినేవాళ్ళో! ఆరు నెలలు చెప్పాను. చెప్పేకొద్దీ కథ మెరుగుపడింది, చివరి రోజున ఒకావిడ ఏడ్చింది కూడా. తర్వాత రాద్దామని కూర్చుంటే ఒక్క పేజీ కూడా రాలేదు. అందాల్సిన ఆనందం అంతా ట్రైన్‌లోనే అందేసింది. ఆ నవల ఇప్పటికీ రాయలేదు, ఇక రాయను కూడా. ఒక్కరికి చూపించండి, మీరు నమ్మే ఒక్కరికి, అదీ ఒక అధ్యాయం పూర్తయ్యాక.

ఇంట్లోవాళ్ళ గురించి మీరు ఒక్క లైనే రాశారు: 'మా ఆవిడ, అమ్మ మధ్యమధ్యలో పిలుస్తుంటారు.' ఇక్కడ కొంచెం గట్టిగానే మాట్లాడతాను. 'నన్ను డిస్టర్బ్ చేయకండి' అంటే ఇంట్లో ఎవరికీ ఏమీ అర్థం కాదు. ఎప్పటిదాకా? పిల్లాడు పడితే? గ్యాస్ బుకింగ్ ఓటీపీ వస్తే? దానికి బదులు 'పదకొండుం పావుకి బయటికి వస్తాను' అనండి, చెప్పిన టైముకి వచ్చి తీరండి. ఒక వారం మాట నిలబెట్టుకుంటే రెండో వారం నుంచి వాళ్ళే ఆ టైముకోసం ఆగుతారు. రాకపోతే మాత్రం వాళ్ళు పిలవడంలో తప్పేమీ లేదు.

రెండో మాట. మీరు తలుపు వేసుకున్న ఆ గంటన్నరలో గిన్నెలు ఎవరు సర్దుతున్నారు, పిల్లల్ని ఎవరు పడుకోబెడుతున్నారు? నేను ఇరవై ఎనిమిదేళ్ళు ఆ పనులన్నీ అయ్యాక రాశాను. నాకు తెలిసిన రచయితలు ఆ పనులు ఇంకొకరు చేస్తుండగా రాశారు. వాళ్ళకు సభల్లో శాలువాలు కప్పేటప్పుడు భార్యల పేరు ఒక వాక్యంలో వచ్చేది. ఆ బాధ నాకు ఇప్పటికీ పోలేదు. మీరు రోజూ గంటన్నర తీసుకుంటుంటే, అంత టైము మీ ఆవిడకు కూడా రోజులో ఎక్కడో ఇవ్వండి, ఆవిడ ఏం చేసుకుంటారో అడగకండి. ఇది రాత పద్ధతి కాదు, న్యాయం. అయినా రాతకు కూడా పనికొస్తుంది. ఇంట్లో ఎవరికో బాకీ ఉన్నామని తెలుస్తూ కూర్చుంటే పేజీ సాగదు.

ఉద్యోగం మానొద్దు. ఏడాది ఖాళీ దొరికితే మీరు రోజుకు పది గంటలు రాయరు. ఇప్పుడు గంటన్నరలో పడే బెంగనే పది గంటలు పడతారు, పైగా డబ్బు టెన్షన్. కాళీపట్నం రామారావు గారు, మనమందరం కారా మాస్టారు అని పిలుచుకునే ఆయన, విశాఖపట్నంలో హైస్కూల్లో మాస్టారుగా పనిచేస్తూనే కథలు రాశారు. రాసినవి తక్కువే. ఆ తక్కువ కథలకే 1995లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. తర్వాత శ్రీకాకుళంలో కథానిలయం పెట్టి, మన కథలన్నిటికీ ఒక ఇల్లు కట్టించారు. ఎన్ని పేజీలు అన్నది మీ లెక్క కాకూడదు. వారానికి అయిదు రాత్రులు కూర్చున్నానా, కూర్చున్నప్పుడు ఫోన్ బీరువాలో ఉందా, లేచేటప్పుడు రేపటి వాక్యం రాసిపెట్టానా. ఈ మూడూ అయితే చాలు. రాత్రికి అరపేజీ వచ్చినా ఏడాదికి నూట ముప్పై పేజీలు అవుతాయి.

చిన్నచిన్నవి త్వరగా చెప్పేస్తాను. పాటలు: మాటలున్న తెలుగు పాట వింటూ తెలుగు వాక్యం రాయడం నావల్ల కాలేదు, వీణో వేణువో అయితే ఫర్వాలేదు. ఇరవై అయిదు నిమిషాల టైమర్ పద్ధతి: టొమాటో ఆకారంలో ఉన్న వంటింటి టైమర్‌తో ఫ్రాంచెస్కో సిరిల్లో మొదలుపెట్టింది, టైపింగుకీ దిద్దుబాటుకీ బాగుంటుంది. కొత్త సీను రాసేటప్పుడు మాత్రం గంట మోగి తెగ్గొడుతుంది, నేను వాడను. పోటీలు: సంక్రాంతి, ఉగాది కథల పోటీలకు గడువు ఉంటుంది, గడువు మంచిదే. కానీ నవల మధ్యలో ప్రతి పోటీకీ కథ రాస్తూ పోతే నవల పక్కకు పోతుంది. ఏడాదికి ఒక్కటి పెట్టుకోండి. జ్వరం, పండగ, ఆఫీసులో రిలీజు వచ్చి నాలుగు రోజులు పోతే, అయిదో రోజు నాలుగు రోజుల పని చేయాలనుకోకండి. రేపటి వాక్యం కాగితం మీద ఉంది కదా, అక్కడి నుంచే అరపేజీ రాయండి.

ఇవన్నీ చేసినా ఒకే చోట పది రోజులు ఆగిపోతే, అది బద్ధకం కాదు, ఏకాగ్రత లోపం కూడా కాదు. నా రెండో నవలలో కథానాయిక తండ్రి చనిపోయే సీను ఉంది. ఆసుపత్రి గదిలో, కొడుకు పక్కన ఉన్నట్టు రాస్తున్నాను. మూడు వారాలు కదల్లేదు. ఆ మూడు వారాల్లో ఇంట్లో పప్పుల డబ్బాలన్నీ కడిగి, ఆరబెట్టి, పేర్లు రాసి అంటించాను. చివరికి ఒక రాత్రి డబ్బాలు కూడా అయిపోయి కూర్చుంటే తట్టింది. మా నాన్న పోయినప్పుడు నేను ఆసుపత్రిలో లేను. క్యాష్ కౌంటర్‌లో ఉన్నాను. మేనేజరు గారు పక్కకొచ్చి ఫోన్ అన్నారు. వెళ్ళి విని, తిరిగొచ్చి కూర్చున్నాను, ఎందుకంటే చేతిలో సగం లెక్కపెట్టిన నోట్ల కట్ట ఉంది, ఎదురుగా కస్టమరు నిలబడి ఉన్నాడు. ఎన్ని లెక్కపెట్టానో గుర్తులేదు. మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టి, ఆయనకిచ్చి, అప్పుడు లేచాను. ఆ సీను కొడుకు దగ్గర నుంచి తీసేసి కూతురి దగ్గరికి, కౌంటర్‌లోకి మార్చాను. రెండు రాత్రుల్లో అయిపోయింది. మూడు వారాలు నేను తప్పించుకుంటున్నది ఆ నోట్ల కట్ట నుంచే.

మీరు రెండో అధ్యాయం సగంలో ఆగారు. శనివారం మధ్యాహ్నం, గాలి పెరుగుతోంది, పిల్లాడు నట్టింట్లో ఆడుకుంటున్నాడు అని అక్కడికి ఆపారు. దాని తర్వాత పేజీల్లో ఏం రావాలో మీకు తెలుసు. పద్నాలుగు నెలలుగా మీరు మొదటి అధ్యాయానికి తిరిగి తిరిగి వెళ్ళడం, గాలి వేగాలు వెతకడం, రీల్స్ చూడటం ఎక్కడ మొదలవుతోందో మార్జిన్‌లో చుక్కలు పెట్టి చూడండి. నా అనుమానం, ఆ పిల్లాడి దగ్గరే. అది మీ బాబాయి. మీరు పుట్టకముందే పోయిన బాబాయి. ఆ పేజీ రాయడానికి భయపడటంలో తప్పేమీ లేదు.

కాబట్టి వరసలో రాయకండి. ఆ సీనే ముందు రాయండి. రాత్రి పదకొండింటికి ఒంటరిగా కూర్చుని కాదు, ఆదివారం పొద్దున్న, ఇంట్లో మనుషులు తిరుగుతుండగా, వంటింట్లో చప్పుళ్ళు వినపడుతుండగా. అంతకంటే ముందు, నాయనమ్మ ఇంకా ఉన్నారని రాశారు కాబట్టి, ఒక శనివారం ఊరికి వెళ్ళండి. ఉప్పెన గురించి అడగొద్దు. దాని గురించి ఆవిడ ఇప్పటికే ఎంతోమందికి, బహుశా ఒకే మాటల్లో, చెప్పి ఉంటారు. ఆ రోజు పొద్దున్న పిల్లాడు ఏం తిన్నాడో అడగండి. ఆవిడను ఏమని పిలిచేవాడో అడగండి. మాటలు బాగా వచ్చాయా, ఇంకా ముద్దుగా తప్పులు పలికేవాడా? చెప్తే వినండి, చెప్పకపోతే పక్కన కూర్చుని భోంచేసి రండి. ఫోన్‌లో రికార్డు పెట్టొద్దు. తిరుగు బస్సులో మీకు గుర్తున్నది ఒక్క వాక్యం కాగితం మీద రాసుకోండి, మర్నాడు పొద్దున్న అక్కడి నుంచి ఎత్తుకోండి. కవర్లో ఉన్న మొదటి అధ్యాయం జోలికి అప్పటిదాకా వెళ్ళకండి.